యాక్టివ్ గెలాక్సీల బ్లాక్ హోల్ బరువులు: ఆ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి?

నిశాచరి:
క్వేజార్ (మధ్యలోని బ్లాక్ హోల్ గ్యాస్‌ని మింగుతుంటే విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) మీద వార్త వచ్చినప్పుడల్లా "సూర్యుడికి ఇన్ని కోట్ల రెట్లు" అని ఒకటే అంకె రాసేస్తారు, అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో చెప్పరు. ఒక్క స్పెక్ట్రమ్ (వెలుగుని రంగులుగా విడదీసిన పట్టీ) చూసి లెక్కకట్టిన దాన్ని అంచనా అనాలి గానీ కొలత అనకూడదని నా వాదన. అందులో గ్యాస్ వల్ల కనిపించే లైన్ వెడల్పు నుంచి బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే ఆ గ్యాస్ వేగం తెలుస్తుంది సరే, కానీ ఆ గ్యాస్ ఎంత దూరంలో ఉందో తెలియాలంటే రివర్బరేషన్ మ్యాపింగ్ చెయ్యాలి, అంటే గెలాక్సీ మధ్యలోని వెలుగు మారాక లైన్ మారడానికి ఎన్ని రోజులు పట్టిందో చూసి, ఆ ఆలస్యాన్ని బట్టి దూరం కట్టాలి, లక్షల క్వేజార్లకి అది అయ్యే పని కాదు కాబట్టి వెలుగుని బట్టి దూరం ఊహిస్తున్నారు. పైగా గ్యాస్ ఏ ఆకారంలో తిరుగుతోందో తెలీక బరువు లెక్కలో ఎఫ్ అనే గుణకం పెడతారు, సుమారు 4 లేదా 5. మామూలు గెలాక్సీల్లో బ్లాక్ హోల్ బరువుకీ నక్షత్రాల వేగాలకీ ఉన్న సంబంధం ఇక్కడా ఉంటుందని అనుకునే అది తెచ్చారు. మళ్ళీ అవే బరువులతో ఆ సంబంధాన్ని పరీక్షిస్తే ఏం తేలుతుంది?

కాంతిరేఖ:
మరీ అంత కొట్టిపారేయకండి. 2018లో గ్రావిటీ పరికరం చిలీలోని నాలుగు పెద్ద టెలిస్కోపుల వెలుగు కలిపి 3సీ 273 అనే క్వేజార్‌లో గ్యాస్ తిరగడం నేరుగా పట్టుకుంది, దూరం 150 కాంతి రోజులకి (కాంతి అన్ని రోజుల్లో వెళ్లే దూరానికి) కాస్త తక్కువ, బరువు దాదాపు 26 కోట్ల సూర్యులు. 2019లో వచ్చిన పదేళ్ల రివర్బరేషన్ డేటాలోనూ ఆలస్యం ఇంచుమించు అంతే. రెండు వేర్వేరు దారుల్లో ఒకే జవాబు వచ్చిందంటే పద్ధతి పునాది గట్టిదే కదండీ.

నిశాచరి:
పునాది గట్టిదే, కాదనను. కానీ అదే 3సీ 273కి 2004 నాటి రివర్బరేషన్ లెక్కలో బరువు సుమారు 89 కోట్లు! ఎంతో బాగా చూసిన క్వేజార్‌కే మూడు రెట్ల పైన తేడా. ఎన్‌జీసీ 5548 అనే యాక్టివ్ గెలాక్సీ సంగతీ చూడండి, 2014లో నెలల తరబడి గమనిస్తే హెచ్-బీటా అనే హైడ్రోజన్ లైన్ ఆలస్యం దాని వెలుగుని బట్టి రావాల్సిన దాంట్లో అయిదో వంతే వచ్చింది, కొన్నాళ్లయితే లైన్లు వెలుగుని అనుసరించడమే మానేశాయి.

సప్తర్షి:
ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు చెబుతున్నారు. వేల క్వేజార్లని కలిపి చూసేటప్పుడు, తప్పులు అటూ ఇటూ సమానంగా పడితే సగటు నిలబడుతుంది. నాకు అసలు భయం కార్బన్-4 లైన్‌తో, అంటే కార్బన్ అయాన్ల నుంచి వచ్చే లైన్‌తో. దూరపు క్వేజార్లకి చాలాసార్లు అదే దిక్కు, అందులో బయటికి ఎగిరిపోయే గాలులు కూడా కలిసి వెడల్పు చూపిస్తాయి, ఆ తప్పు ఒకే వైపు లాగుతుంది, ఎన్ని వేలు కలిపినా పోదు.

కాంతిరేఖ:
కార్బన్-4 విషయం ఒప్పుకుంటున్నా. హెచ్-బీటా అందినచోట మాత్రం నా మాట అదే, మూడు రెట్లు అటూ ఇటూ అని పక్కన రాసి వాడుకోవచ్చు.

నిశాచరి:
పక్కన రాస్తే నాకు పేచీ లేదండి. రాయట్లేదనేగా నా బాధ.