వాకెడా, వాక్డా, వాక్టా? క్రియల చివరి ‘ఈ-డీ’ పలికేదెలా?

చాక్‌పీసు:
ఏడో తరగతికి ఇంగ్లిష్ భూతకాలం చెబుతున్నాను. మాట చివర ‘ఈ-డీ’ కనబడితే చాలు, పిల్లలు వాకెడ్, స్టాపెడ్, లాఫెడ్ అనేస్తున్నారు. మూడు రకాలుగా (ట్, డ్, ఇడ్) పలకాలని పట్టిక వేసి ఘోషాలు (గొంతు అదిరే శబ్దాలు), అఘోషాలు (అదరనివి) అంటే తెల్లమొహం వేస్తున్నారు. తేలికైన దారి ఏదైనా ఉందా?

పలుకుబడి:
పట్టిక తర్వాత చూద్దురుగాని. ముందు ఒకటే అడగండి: అసలు క్రియ ట్‌తోనో డ్‌తోనో ముగుస్తోందా? అవునంటేనే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్, స్టార్టిడ్. కాదంటే అచ్చు చేర్చకూడదు. చప్పట్లు కొట్టించండి. వాంట్‌కు ఒకటి, వాంటిడ్‌కు రెండు. వాక్‌కు ఒకటి, వాక్ట్‌కూ ఒకటే. ట్ బదులు డ్ పలికినా పెద్ద నష్టం లేదు, లేని అచ్చు వచ్చి పడితేనే వినేవాళ్లు తడబడతారు.

ఇంకోటి, చూడాల్సింది చివరి అక్షరాన్ని కాదు, చివరి శబ్దాన్ని. ‘హోప్’ స్పెల్లింగు ‘ఈ’తో ముగిసినా పలికేది ప్, అందుకే హోప్ట్. ‘లాఫ్’లో రాసేది జీ-హెచ్, పలికేది ఫ్. ‘ఫిక్స్’లో ఎక్స్ ఉన్నా చివర వినబడేది స్.

సంధికార్యం:
ఘోషాలూ అఘోషాలూ ఎందుకండీ, మన పరుషాలు, సరళాలు ఉండగా! పూచెను + కలువలు = పూచెను గలువలు. ముందున్న ‘ను’ వల్ల క కాస్తా గ అయింది. ఇంగ్లిష్‌లోనూ ముందు శబ్దాన్ని బట్టే వెనకది మారుతుంది. ప్, క్, చ్, వాటితోపాటు ఫ్, స్, ష్ తర్వాత ట్. బ్, గ్, జ్, మ్, న్, ల్, వ్, అచ్చుల తర్వాత డ్. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి ‘స్స్స్’ అనమనండి, తర్వాత తుమ్మెదలా రొద చేయమనండి. రెండోసారి వేళ్ల కింద అదురుతుంది.

చిక్కల్లా ఆ తుమ్మెద రొదతోనే. ‘జీబ్రా’ మొదట్లో ఉండాల్సిన ఆ శబ్దం తెలుగులో లేదు, జ అనో స అనో సరిపెట్టుకుంటాం. దాంతో రేస్ట్ (పందెంలో పరుగెత్తాడు), రేజ్డ్ (పైకెత్తాడు) కలిసిపోతాయి. మొదటిదాంట్లో అచ్చును కాస్త కురచగా, రెండోదాంట్లో సాగదీసి పలికిస్తే తేడా తెలుస్తుంది.

చాక్‌పీసు:
మీరు చెప్పిన ఆ ‘పూచెను గలువలు’, అదే సరళాదేశ సంధి, మా పిల్లలకు ఇంకా రాలేదు గానీ, పరుషాలు, సరళాలు తెలుసు. మరి క్ తర్వాత కూడా ‘ఇడ్’ పలికే ‘వికిడ్’, ‘నేకిడ్’ సంగతేమిటి? ‘ఆస్క్ట్’కు నోరు తిరగట్లేదు.

పలుకుబడి:
ఆ రెండూ విశేషణాలు, భూతకాల క్రియలు కావు. పండితుడనే అర్థంలో ‘లెర్నిడ్’ కూడా అంతే. ఒకప్పుడు ఇంగ్లిష్‌లో ‘ఈ-డీ’ చేరే మిగతా క్రియలకూ ఆ అచ్చు పలికేవారు, అదే రాతలో మిగిలిపోయింది. దాన్ని మింగేస్తున్నారని 1712లో ‘గలివర్స్ ట్రావెల్స్’ రచయిత జొనాథన్ స్విఫ్ట్ మండిపడ్డాడు, జనం వింటేనా!

ఆస్క్ట్‌ను ఇంగ్లిష్‌వాళ్లే వేగంలో ‘ఆస్ట్’ అంటారు, పిల్లల్ని అంతవరకు రానివ్వండి. బస్సు, కారు అని ఉకారం చేర్చుకునే నాలుక మనది, చివర రెండు మూడు హల్లులు వరసగా వస్తే ఎక్కడో ఒక అచ్చు జొరబడుతుంది. అందుకని అచ్చుతో మొదలయ్యే మాట తగిలించి పలికించండి: వాక్ట్ ఇన్ అంటే ‘వాక్-టిన్’, స్టాప్ట్ ఇట్ అంటే ‘స్టాప్-టిట్’. అది కుదిరాక వెనక మాట తీసేయండి.

సంధికార్యం:
‘యూజ్డ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘వాడాడు’ అన్నప్పుడు తుమ్మెద శబ్దం, డ్. పాత అలవాటు చెప్పేటప్పుడు స్, ట్: ‘యూస్ట్ టు’. స్పెల్లింగు రెంటికీ ఒకటే.