పాత పత్రికల్లో ‘కచేరీ’ అంటే ఆఫీసా, పాటా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన పాత పత్రికల కత్తిరింపులు టైప్ చేస్తున్నాను. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా మొదలైంది కదా, దాదాపు ఆ తరం భాష. చదవడానికి ఇబ్బంది లేదు గానీ, ‘కచేరీ’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నాను.

మనకిప్పుడు కచేరీ అంటే పాటకచేరీ, వీణకచేరీ. ఈ కాగితాల్లో మాత్రం తాలూకా కచేరీ, హుజూరు కచేరీ అని వస్తుంది. అంటే ప్రభుత్వ ఆఫీసు, అంతవరకు తేలికే. కొన్నిచోట్ల అది కోర్టు. ఇంకోచోట దొర కొలువుతీరడం. తెలంగాణ పల్లెల్లో పటేలు, పట్వారీ కూర్చునే చోటును ‘కచీరు’ అనేవారు, అదీ ఈ మాటే.

నన్ను ఇబ్బంది పెడుతున్నది ఒక చిన్న వార్త. జమీందారుగారి బంగళాలో సాయంత్రం కచేరీ జరిగిందనీ, ఊరి పెద్దలంతా వచ్చారనీ ఉంది. కింది వరుస చెదలు తినేసింది. అది సంగీతమా, రైతుల ఫిర్యాదులు వినడమా? ‘జరిగింది’ అంటే పాటే అని నాకనిపిస్తోంది. ఆఫీసుకైతే ‘కచేరీ చేశారు’ అంటారేమో?

ఆ రోజుల పత్రికలు చదివినవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల నోట ఈ మాట విన్నవాళ్లు, మీ ఊళ్లో ఎలా వాడేవారో ఒక్క వాక్యం రాసినా చాలు. తప్పు అర్థంతో ఫుట్‌నోట్ పెట్టడం నాకిష్టం లేదు.