కశ్మీర్‌లో చిల్లై కలాన్ మొదలైంది, అక్కడ మంచు పడిందా ఎవరైనా చెప్పండి

జడ్చర్ల44:

అందరికీ నమస్తే. మాది జడ్చర్ల. సొరంగాల పనిలో సర్వేయర్‌గా ఆరేళ్లు కశ్మీర్‌లో ఉండి, 2024 ఎండాకాలంలో ఇంటికి వచ్చేశాను. అమ్మ దగ్గర ఉన్నందుకు సంతోషమే, కానీ డిసెంబర్ 21 దాటిందంటే మనసు ఇక్కడ నిలవదు. అక్కడ చిల్లై కలాన్ మొదలయ్యేది ఆ రోజే. 40 రోజుల పెద్ద చలి అది, దాని వెనుక 20 రోజుల చిల్లై ఖుర్ద్, ఆఖరున 10 రోజుల చిల్లై బచ్చా. మా ఇంటి ఓనర్ ముసలాయన ఈ లెక్క చెప్తుంటే నాకు మా తాత వేళ్ల మీద కార్తెలు లెక్కపెట్టడం గుర్తొచ్చేది.

రోజూ పొద్దున లేవగానే ఫోన్‌లో ముందు శ్రీనగర్ టెంపరేచర్ చూసి, ఆ తర్వాతే ఇక్కడిది చూస్తాను. చూస్తే ఏమొస్తుంది, మంచు పడిందా లేదా అన్నది మనిషి నోటి నుంచి వింటేనే తృప్తి. మన నల్గొండ, పాలమూరు వాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు కదా, ఎవరికైనా కబురు తెలిస్తే రాయండి.

ఇంకో మాట కూడా అడగాలి. మూడు రోజులుగా ఇక్కడ పొద్దున పూట చలి బాగా పెరిగింది, అమ్మ గొంగడి తీసి కప్పుకుంది. "మీ కశ్మీర్‌ల మంచు పడ్డట్టుంది, అందుకే ఈ సలి" అంటోంది. అక్కడ మంచుకీ ఇక్కడ చలికీ నిజంగా సంబంధం ఉందా?

మిర్యాలగూడ అమ్మాయి:

అన్నా, నేను శ్రీనగర్ ఎన్ఐటీలో చదువుతున్నాను, హజ్రత్‌బల్ దగ్గర. సెలవులకు మొన్ననే వచ్చాను. మా రూమ్మేట్ వాళ్లది బారాముల్లా, నిన్న సాయంత్రం మాట్లాడితే కొండల మీద తెల్లబడింది కానీ ఊళ్లో చినుకులే అంది. శ్రీనగర్‌లో చాలాసార్లు ఇలాగే జరుగుతుంది, పైన మంచు, కింద వాన. రాత్రికి గాలి మారితే అదే వాన తెల్లారేసరికి మంచై కూర్చుంటుంది. ఆమెకు చెప్పి పెట్టాను, పడగానే వీడియో పంపమని.

మొదటి ఏడాది నాకు పెద్ద భ్రమ ఉండేది, మంచు పడే రాత్రే చలి ఎక్కువ అనుకునేదాన్ని. కాదు. మబ్బు ఉన్న రాత్రి దుప్పటి కప్పినట్టు ఉంటుంది. మంచు పడి, మబ్బు విరిగి, చుక్కలు కనిపించిన రాత్రి ఉంటుంది చూడండి, అది చలి. నిరుడు చిల్లై కలాన్ మొదటి రోజు, 2024 డిసెంబర్ 21న శ్రీనగర్‌లో మైనస్ 8.5 వచ్చింది, యాభై ఏళ్లలో డిసెంబర్‌లో అంత చల్లటి రాత్రి లేదన్నారు. దాల్ సరస్సు అంచులు గడ్డకట్టాయి. నల్లా తిప్పితే చుక్క రాలేదు. పైపు చుట్టూ పాత గుడ్డలు చుట్టి వేడినీళ్లు పోస్తూ కూర్చున్నాం, ఆ రోజు ముఖం కడుక్కోవడానికే మధ్యాహ్నం అయింది. ఇంట్లో అమ్మకు చెప్పలేదు, టెన్షన్ పడుతుందని.

కానీ ఆ చలిలోనే తెల్లవారుజామున హరీసా తినడానికి వెళ్లడం ఉంది కదా, దాని కోసం ఎన్ని చలులైనా ఓర్చుకోవచ్చు. మటన్, బియ్యం రాత్రంతా సన్నని సెగ మీద ఉడికించి మెత్తగా మెదిపి పెడతారు. మన హలీం లాంటిదే అనుకుంటారు, గోధుమ ఉండదు, రుచి వేరు. చలికాలం పోతే మళ్లీ దొరకదు.

దేవరకొండ మాస్టారు:

జడ్చర్ల తమ్ముడూ, మీ అమ్మగారి మాటలో సగం నిజం ఉంది. నేను 28 ఏళ్లుగా భూగోళం చెప్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

కశ్మీర్‌లో శీతాకాలం మంచు కురిపించేది మన రుతుపవనాలు కావు. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా తూర్పుకు కదిలి వచ్చే వాతావరణ వ్యవస్థలు, వాటినే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. అవి వచ్చి హిమాలయాలను తాకితే అక్కడ మంచు. అవి దాటిపోయాక ఉత్తరాన ఆకాశం తేటపడుతుంది, అటు నుంచి పొడి చల్లగాలి కిందికి జారుతుంది. ఆ గాలికి మధ్య భారతం మీదుగా దారి దొరికితే ముందు ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వణుకుతాయి, తర్వాత సంగారెడ్డి వైపు, మన దాకా వచ్చేసరికి దాని కోర తగ్గుతుంది. అందుకే అక్కడ ఒక అంకెలో ఉన్న రోజున కూడా నల్గొండలో అంత ఉండదు.

అయితే మంచు పడిన ప్రతిసారీ ఇక్కడ చలి పెరగదు. అదే సమయానికి బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే తూర్పు గాలులు తేమను తెస్తాయి, మబ్బు పడుతుంది, ఇక్కడ రాత్రులు వెచ్చగా మారతాయి. ఆ అమ్మాయి చెప్పిన దుప్పటి మాటే ఇక్కడా వర్తిస్తుంది. ఇప్పుడు మూడు రోజులుగా మన దగ్గర మబ్బు లేదు, గాలి పొడిగా ఉంది, రాత్రి నేల వేడి అంతా పైకి పోతోంది. కాబట్టి ఈ చలిలో ఉత్తరపు గాలి వాటా ఎంతో, మన తేట ఆకాశం వాటా కూడా అంతే. అమ్మగారికి ఇలా చెప్పండి.

జడ్చర్ల44:

మాస్టారూ, చదివి వినిపించాను. "అయితే నేను చెప్పిందే కదా" అంది. మీకు దండాలు చెప్పమంది.

మంచు పడకపోతే అక్కడి వాళ్లు ఎంత భయపడతారో 2024 జనవరిలో చూశాను. గుల్‌మార్గ్‌లో ఆ నెల చాలా రోజులు నేల గోధుమరంగులోనే ఉంది. టూరిస్టుల సంగతి పక్కన పెట్టండి, మా ఓనర్ యాపిల్ తోటలో నిలబడి ఆకాశం వైపు చూస్తుంటే, మా నాన్న ఆగస్టులో వాన రాని కంది చేను గట్టు మీద నిలబడ్డట్టే అనిపించింది. యాపిల్ చెట్టుకు చలి నిద్ర కావాలి, 7 డిగ్రీల లోపు వెయ్యి గంటలకు పైనే గడవాలి, అప్పుడే పూత సరిగ్గా వస్తుంది. చిల్లై కలాన్‌లో పడిన మంచే గట్టిపడి కొండ మీద నిలుస్తుంది, అదే ఎండాకాలం వాగుల్లోకి నీళ్లై దిగుతుంది. మార్చిలో పడింది నాలుగు రోజుల్లో కరిగిపోతుంది. ఆ ఏడు జనవరి ఆఖరున మంచు పడినప్పుడు ఆయన నన్ను గట్టిగా పట్టుకొని "షీన్ ముబారక్" అన్నాడు. షీన్ అంటే మంచు. మన దగ్గర మొదటి వానకు ఎవరైనా అలా శుభాకాంక్షలు చెప్తారా? చెప్పాలి అనిపించింది.

పెబ్బేరు లారీ:

అన్నా నీ పేరులో 44 చూసి ఆగాను. ఆ రోడ్డు గురించేనా? శ్రీనగర్‌లో బయల్దేరిన 44 నంబర్ హైవే మన షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి కన్యాకుమారి పోతుంది. మా ఇంటి ముందు నిలబడి ఈ రోడ్డు పట్టుకొని ఉత్తరం పోతూ ఉంటే శ్రీనగర్ లాల్‌చౌక్ వస్తుంది అని మా పిల్లలకు చెప్తాను. మా బావ, నేను పదకొండేళ్లు యాపిల్ లోడ్లు తెచ్చాం, సోపోర్‌లో ఎక్కిస్తే హైదరాబాద్‌లో దింపేవాళ్లం.

చలి సంగతి డ్రైవర్‌ని అడగాలి. మామూలు డీజిల్ మైనస్‌లో చిక్కబడి మైనంలా అయిపోతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది, బండి స్టార్ట్ కాదు. ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లను చూశాను, నేను మాత్రం ఎప్పుడూ పెట్టలేదు, ప్రాణాల మీదికి వస్తుంది. లడఖ్ వైపు కోసం 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చింది, అది వచ్చాక ఆ రూటు వాళ్లకు ఊపిరి వచ్చింది. బనిహాల్ దగ్గర పాత జవహర్ సొరంగం బదులు 2021 నుంచి కింది నుంచి 8 కిలోమీటర్లకు పైగా కొత్త సొరంగంలో పోతున్నాం, అంతకుముందు పైన మంచులో రెండు మూడు రాత్రులు ఇరుక్కోవడం మామూలు. రాంబన్ దగ్గర మాత్రం ఇప్పటికీ కొండ ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎవరైనా ఆ దారిన పోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కేబిన్‌లో గానీ గదిలో గానీ కాంగ్రీ, అదే బొగ్గుల కుంపటి, పెట్టుకొని తలుపులన్నీ బిగించి పడుకోవద్దు. అందులోంచి వచ్చే విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. మాతో తిరిగిన ఒకాయన అలాగే పోయాడు.

నల్గొండ సైనిక కుటుంబం:

అన్నయ్యా, ఈ చివరి మాట మావారికి ఇప్పుడే ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన లడఖ్‌లోని లేహ్‌లో ఉన్నారు. వాళ్ల బ్యారక్‌లో హీటర్ వేస్తే కిటికీ కాస్త తెరిచి పెట్టాలనే నియమం ఉందట, నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

లేహ్‌లో మంచు కశ్మీర్ అంత పడదు, చలి మాత్రం ఎముకల్లోకి దిగుతుంది అంటారు ఆయన. సంక్రాంతి సెలవులకు మమ్మల్ని పది రోజులు రమ్మంటున్నారు. పాపకు ఏడేళ్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి లేహ్ విమానం. నల్గొండలో కొన్న స్వెటర్లు సరిపోతాయా? సకినాలు, నువ్వుల లడ్డూలు తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి, రాత్రి నిద్ర పట్టడం లేదు.

సూర్యాపేట మాజీ జవాన్:

చెల్లెమ్మా, భయపడకు. అటువైపే ద్రాస్‌లో రెండు శీతాకాలాలు డ్యూటీ చేశాను. చెప్తాను విను.

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తు. విమానంలో గంటన్నరలో దిగుతారు, ఒంటికి అలవాటు పడే టైం దొరకదు. మొదటి రెండు రోజులు పాపను పరుగెత్తనివ్వకు, మెట్లు ఎక్కనివ్వకు, నీళ్లు మాత్రం తాగిస్తూ ఉండు. తలనొప్పి, వాంతులు ఉంటే మొండిగా ఉండొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి. బయల్దేరే ముందు మీ పిల్లల డాక్టర్‌ను ఒకసారి అడగండి.

ఒక మందపాటి స్వెటర్ కన్నా పలుచటివి మూడు ఒకదాని మీద ఒకటి మేలు, మధ్యలో నిలిచే గాలే వెచ్చదనం ఇస్తుంది. ఒంటికి ఆనుకొని కాటన్ బనియన్ వద్దు, చెమట పీల్చుకొని తడిగా ఉండిపోతుంది, థర్మల్స్ కొనండి. సాక్సులు రోజుకు రెండుసార్లు మార్చండి, తడి సాక్స్ అక్కడ శత్రువు. తలుపు గొళ్లెం, ఇనుప రెయిలింగ్ లాంటివి పాప వట్టి చేత్తో ముట్టుకోకుండా చూడండి. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చటుక్కున దిగిపోతుంది. సకినాలు తప్పకుండా తీసుకెళ్లు, డబ్బా పెద్దది తీసుకో, ఆయన ఒక్కడే తినడు, బ్యారక్ అంతా తింటుంది. నాకు మా అమ్మ పంపిన సకినాలు పంజాబీ వాళ్లు, గఢ్వాల్ వాళ్లు పంచుకొని తిన్న రోజు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

ఇప్పుడు సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగి సెల్యూట్ చేస్తాను. ఆయన గల్వాన్‌లో అమరుడైన 2020 జూన్ అంటే అక్కడ ఎండాకాలమే, అయినా ఆ నది నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో అటు పనిచేసిన వాళ్లకు తెలుసు.

నారాయణపేట:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను, నేనూ రాయాలనిపించింది. మా నాయన పాలమూరు లేబర్. దేశంలో ఏ మూల డ్యాం కట్టినా మనవాళ్లు ఉంటారంటారు కదా, ఆయన హిమాచల్‌లో ఒక సొరంగం పనికి గుంపుతో పోయాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అటల్ సొరంగం 2020లో తెరిచారు, అంతకుముందు రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోతే అవతలి లాహౌల్ లోయ నెలల తరబడి తెగిపోయేది. ఒక ఏడు మేస్త్రి పని ఆలస్యం చేసి మనుషులను ముందే దింపలేదు, నాయన వాళ్లు అవతలే ఉండిపోయారు. చలికాలమంతా ఉత్తరం లేదు. అమ్మ రోజూ పోస్ట్‌మాన్ కోసం వాకిట్లో నిలబడేది.

వచ్చాక ఆయన కష్టం గురించి ఎక్కువ చెప్పలేదు. వాళ్లకు చోటిచ్చిన ఇంటి గురించి చెప్పాడు. కింద పశువులు, పైన మనుషులు, మధ్యలో పొయ్యి, ఎండబెట్టిన కూరగాయలు. మన ఒరుగుల లాగే. పోయేటప్పుడు తీసుకుపోయిన నల్ల గొంగడి ఆ ఇంటి ముసలమ్మకు ఇచ్చి వచ్చాడు. దాని ఉన్ని చేత్తో నలిపి చూసి ఇది ఏ గొర్రెది అని ఆమె అడిగిందట. నాయన పోయి ఆరేళ్లు. ఆ గొంగడి అక్కడ ఎవరి ఇంట్లోనో ఉంటుందని చలికాలం వస్తే అనుకుంటాను.

మిర్యాలగూడ అమ్మాయి:

నారాయణపేట అన్నా, ఒరుగుల మాట చదివి ఏడుపొచ్చింది. కశ్మీర్‌లో కూడా వంకాయ, సొరకాయ, టమాట ఎండబెట్టి దండలు గుచ్చుతారు, హోఖ్ స్యున్ అంటారు. మా రూమ్మేట్ వాళ్లమ్మ సొరకాయ ఒరుగు కూర పెట్టినప్పుడు మా నానమ్మ చేసిందే అనుకున్నాను.

మాస్టారూ మీకొకటి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటాం కదా. జడ్చర్ల అన్న చెప్పిన 70 రోజులు లెక్కపెడితే ఫిబ్రవరి ఆఖరుకు వస్తాం. కశ్మీరీ పండితుల పెద్ద పండుగ హేరథ్ కూడా శివరాత్రే.

దేవరకొండ మాస్టారు:

ఇది నాకు తట్టలేదు అమ్మాయీ. రేపు పదో తరగతికి చెప్తాను.

మిర్యాలగూడ అమ్మాయి:

జడ్చర్ల అన్నా, ఉన్నారా? ఇప్పుడే వీడియో వచ్చింది. బారాముల్లాలో రాత్రి రెండు నుంచి పడుతోందట, వాళ్ల ప్రహరీ గోడ మీద జానెడు ఉంది, వాళ్ల తమ్ముడు చెప్పుల్లోనే బయటికి పరుగెత్తాడు. షీన్ ముబారక్! మా హాస్టల్లో మొదటి మంచు కబురు ముందు చెప్పిన వాళ్లకు విన్న వాళ్లు పార్టీ ఇవ్వాలి. మీరు బాకీ.

జడ్చర్ల44:

షీన్ ముబారక్ చెల్లె. అమ్మను లేపి చెప్పాను. అనపకాయలు ఉడకబెడుతుందట, మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చెయ్. ఓనర్‌కు ఫోన్ చేస్తున్నాను, రింగవుతోంది.