మ్యూజియంలోని ఆవిరి ఇంజనును మళ్లీ నడపాలా, వద్దా?

కొలిమి: ఇంగ్లండ్‌లో యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. 1938లో గంటకు 126 మైళ్లు పరుగెత్తిన మల్లార్డ్ ఇంజను కదలకుండా ఉంది. 1923 నాటి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ మాత్రం 42 లక్షల పౌండ్ల మరమ్మతు తర్వాత 2016లో మళ్లీ పట్టాలెక్కింది. నేను నడపాలనే అంటాను. చల్లారిన ఇంజను సగం యంత్రమే.

పాతఇనుము: నడిపితే అరిగేది అసలు వస్తువే కదండీ! వేడికి సాగి, చల్లారితే ముడుచుకుని బాయిలర్ రేకులను కలిపి పట్టే స్టే బోల్టులు విరుగుతాయి, గొట్టాల చివర్లు కారతాయి. బ్రిటన్‌లో పదేళ్లకోసారి బాయిలర్ విప్పాల్సిందే. ప్రతిసారీ పాత లోహం కొంత తుక్కులోకి పోతుంది. 1829 నాటి ‘రాకెట్’ అనే ఆవిరి ఇంజన్నే చూడండి. మొదట ఏటవాలుగా ఉన్న సిలిండర్లను తర్వాత దాదాపు అడ్డంగా దించారు. ఆ మార్పు ఇప్పటికీ దాని ఒంటిమీదే కనిపిస్తుంది. నడపడానికి కొత్త భాగాలు వేస్తే ఆ సాక్ష్యం మాయమవుతుంది. ఆవిరి చూపించాలంటే 1979లో చేసినట్టు నడిచే నకలు చేయించాలి.

కొలిమి: రాకెట్ విషయంలో మీ మాటే నాదీ. స్కాట్స్‌మన్ సంగతి వేరు. సర్వీసులో ఉండగానే వర్క్‌షాపులో ఒక ఇంజను బాయిలర్ ఇంకోదానికి బిగించేవారు. అందులో ‘అసలు’ ఏదని వెతుకుతారు?

వాల్వుగేర్: నిలబెట్టేస్తే చాలు, భద్రంగా ఉంటుందన్న నమ్మకం మీ ఇద్దరిలోనూ కనిపిస్తోంది. అది తప్పు. పొగ గొట్టం కింద ఉండే స్మోక్‌బాక్స్ అడుగున మిగిలిన బూడిదకు తడి తగిలితే ఆమ్లమై రేకును తినేస్తుంది, కాబట్టి దాన్ని పూర్తిగా ఊడ్చెయ్యాలి. బాయిలర్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే నీళ్లు వదిలితే మిగిలిన వేడికే లోపల ఆరుతుంది. ఆ తర్వాత తేమను పీల్చే సిలికా జెల్ ట్రేలు పెట్టి మూతలు బిగించాలి, జెల్‌ను తరచూ మార్చాలి. పైరేకుల కింద వేడి పోకుండా వేసిన పొర తడిసి ఉంటే బయటికి కనపడకుండానే తుప్పు పాకుతుంది. పాత ఇంజన్లలో ఆ పొర ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్‌బెస్టాస్ కావచ్చు, పరీక్ష చేయించకుండా విప్పొద్దు. చక్రాలను కూడా అప్పుడప్పుడు పావు చుట్టు జరపాలి, లేకపోతే బేరింగుల్లో నూనె ఒకపక్కకే దిగిపోతుంది.

పాతఇనుము: ఇది ఒప్పుకుంటాను. అయినా నడపాలనుకునేవాళ్లు ముందు అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) పరికరంతో రేకు మందం కొలవాలి, తర్వాత నీటి పీడన పరీక్ష చెయ్యాలి. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి దాచాలి. ఆ ఖర్చుకు సిద్ధపడని మ్యూజియం నిప్పు రాజెయ్యకూడదు.

కొలిమి: చీటీ కట్టడం దగ్గర మనిద్దరం కలిశాం. నిప్పు దగ్గర మాత్రం ఇంకా కలవలేదు.