నర్సింగ్ హోమ్‌లో హాస్పిస్ పెట్టించాక రాత్రి నొప్పి వస్తే బాధ్యత ఎవరిది?

లత_న్యూజెర్సీ:
మా అత్తగారికి కేన్సర్ చివరి దశ. నర్సింగ్ హోమ్‌లోనే (ఇక్కడ అమెరికాలో పెద్దవాళ్లని ఉంచి చూసుకునే చోటు) ఉంచి హాస్పిస్ పెట్టించాం, అంటే జబ్బు నయం చేసే వైద్యం ఆపి, నొప్పీ బాధా తగ్గించే సేవ, వేరే కంపెనీ చూస్తుంది. మొన్న రాత్రి నొప్పితో అల్లాడిపోతుంటే అక్కడి నర్సు "మార్ఫిన్ పెంచాలంటే హాస్పిస్ నుంచి ఆర్డర్ రావాలి" అంది. వాళ్లకి చేస్తే "మాకెవరూ చెప్పలేదే" అన్నారు. తెల్లారేదాకా అటూ ఇటూ ఫోన్లు చేసింది మేమే. తప్పెవరిది?

ప్రసాద్_డల్లాస్:
హోమ్‌దే. 2013లో మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) రూల్ వచ్చింది. హోమ్‌కీ హాస్పిస్‌కీ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి, పేషెంట్ పరిస్థితి బాగా మారితే హోమ్ వెంటనే హాస్పిస్‌కి చెప్పాలి, ఆ సమన్వయానికి ఒక మనిషిని పెట్టాలి. ఇంక వాదనేముంది?

రాత్రి_డ్యూటీ:
నేను అలాంటి హోమ్‌లోనే నర్సుని. ఒకే ఫ్లోర్‌లో ఒక్కో పేషెంట్‌ది ఒక్కో హాస్పిస్ కంపెనీ. వాళ్ల నర్సు వచ్చి చూసి, తన ట్యాబ్‌లో రాసుకుని వెళ్లిపోతుంది, మా చార్టులో ఏమీ ఉండదు. మందు మార్చిన సంగతి ఇంట్లోవాళ్లు చెప్తే మాకు తెలుస్తుంది. కేర్ ప్లాన్ (పేషెంట్‌ని ఎలా చూసుకోవాలో రాసిన పత్రం), ఆన్‌కాల్ వివరాలు (ఏ వేళైనా ఎవరికి ఫోన్ చేయాలో), మందుల సమాచారం హాస్పిస్ నుంచి హోమ్‌కి రావాలనీ ఆ రూల్‌లోనే ఉంది.

ప్రసాద్_డల్లాస్:
తెప్పించుకోవాల్సింది మీరేగా! రూల్ మళ్లీ చదవండి.

సుధ_ఆస్టిన్:
ఆన్‌కాల్ నంబరు మంచం పక్కన గోడకి అంటించండి లత గారూ. 24 గంటలూ పలకాలి వాళ్లు.

ప్రసాద్_డల్లాస్:
నంబర్లు అంటిస్తే సరిపోదు. మా నాన్నగారికి ఆయాసం వచ్చినప్పుడు ఎవరూ కదల్లేదు. 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఒక్క ఫోన్ చేసుంటే ఇంకొన్నాళ్లు ఉండేవారు.

రాత్రి_డ్యూటీ:
బాధగా ఉందండి. కానీ హాస్పిస్ తీసుకున్నది ఆయన్ని మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దనే కదా?

ప్రసాద్_డల్లాస్:
తీసుకున్నది మా అన్నయ్య, నేను కాదు. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నాన్నగారి తరఫున నిర్ణయించే హక్కు, ఆయనకుందని నాకు ఒక్క ముక్క చెప్పలేదు. కన్నకొడుకుని నేను!

లత_న్యూజెర్సీ:
ప్రసాద్ గారూ, మా ఇంట్లో ఆ గొడవ లేదు. ఆసుపత్రి వద్దని అత్తగారే అన్నారు. నొప్పి తగ్గితే చాలు మాకు.

రాత్రి_డ్యూటీ:
అయితే కేర్ ప్లాన్ మీటింగ్ అడగండి, హాస్పిస్ నర్సు కూడా కూర్చోవాలని పట్టుబట్టండి. నొప్పి పెరిగితే ఎంత ఇవ్వాలో ఆర్డర్ ముందే రాయించి, మందు హోమ్‌లో సిద్ధంగా ఉందో లేదో చూసుకోండి. అర్ధరాత్రి ఫార్మసీ నుంచి రావాలంటే గంటలు పడుతుంది.

ప్రసాద్_డల్లాస్:
ఆ మీటింగ్‌కి పిల్లలందర్నీ పిలవాలి. సంతకం పెట్టినవాళ్లొక్కరే కాదు.

రాత్రి_డ్యూటీ:
పేషెంటో, ఆ హక్కున్నవాళ్లో ఒప్పుకోకుండా పేషెంట్ సంగతులు నేను ఇంకెవరికీ చెప్పకూడదండి. చెప్తే నా ఉద్యోగం పోతుంది.