బెలిచిక్ గొప్పా, బ్రేడీ గొప్పా?

జెర్సీ_సీను: అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ బిల్ బెలిచిక్‌ని నెత్తిన పెట్టుకునేవాళ్లకి ఒకటే ప్రశ్న. న్యూ ఇంగ్లండ్ టీమ్ హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ (సీజన్ ఫైనల్స్) గెలిచాడు, కాదనను. ఆరింటిలోనూ బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీయే. 2020లో బ్రేడీ టాంపా బేకి వెళ్లి మొదటి సీజన్లోనే కప్పు కొట్టాడు. న్యూ ఇంగ్లండ్‌లో మిగిలిన ఈయన నాలుగేళ్లలో ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ దశకి) వెళ్లింది ఒక్కసారి, అక్కడా బఫెలో చేతిలో 47–17. చివరికి 4–13తో (4 గెలుపులు, 13 ఓటములు) ఇంటికి.

బోస్టన్_బాబాయ్: 2008 మర్చిపోయావా తమ్ముడూ? మొదటి మ్యాచ్‌లోనే బ్రేడీ మోకాలు పోయింది. కాలేజీలో కూడా క్వార్టర్‌బ్యాక్‌గా మ్యాచ్ మొదలుపెట్టని మ్యాట్ క్యాసెల్‌తో 11–5.

జెర్సీ_సీను: ఆ 11–5తో ప్లేఆఫ్స్‌కి వెళ్లారా? లేదు. పైగా అంతకుముందు ఏడాది 16–0 కొట్టిన టీమ్ అది. వడ్డించిన విస్తరి.

బోస్టన్_బాబాయ్: వడ్డించిందెవరు? కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 199వ పిక్‌తో బ్రేడీని తీసుకున్నదెవరు? 2001లో పదేళ్ల కాంట్రాక్టున్న మెయిన్ క్వార్టర్‌బ్యాక్ బ్లెడ్‌సో దెబ్బ నుంచి కోలుకున్నా, కుర్రాడు బ్రేడీనే ఆడించిందెవరు? 1994లో క్లీవ్‌లాండ్ కోచ్‌గానూ 11–5 చేసి, ప్లేఆఫ్స్‌లో తన పాత బాస్ పార్సెల్స్ టీమ్‌నే ఓడించాడు. అప్పటికి బ్రేడీ హైస్కూల్లో ఉన్నాడు.

జెర్సీ_సీను: క్లీవ్‌లాండ్‌లో మొత్తం 36–44. అది కూడా చెప్పండి.

గోదారి_గట్టు: అవతలి కోచ్‌ల సైగల్ని దొంగచాటుగా వీడియో తీయించిన స్పైగేట్ సంగతి ఎవరూ ఎత్తరేం? 2007లో 5 లక్షల డాలర్ల జరిమానా ఊరికే వేశారా?

బోస్టన్_బాబాయ్: సీనూ, 2008 గురించి సూటిగా చెప్పు. గెలిస్తే ఆటగాడి గొప్ప, ఓడితే కోచ్ తప్పు. ఇదేం లెక్క? పాతికమందితో పని చేయించి చూడు, తెలుస్తుంది.

జెర్సీ_సీను: అదీ సంగతి! మీరూ మేనేజరే కదా. పదకొండేళ్లు రాత్రనక పగలనక రిలీజులు చేశాను. ఒక శుక్రవారం జూమ్ కాల్లో పావుగంట మాట్లాడారు, సాయంత్రానికి ల్యాప్‌టాప్ లాక్. ఆ ప్రాజెక్టుకి అవార్డు మాత్రం మా మేనేజర్‌కి. 2003లో జీతం తగ్గించుకోనన్నాడని లాయర్ మిలాయ్ అనే డిఫెన్స్ ఆటగాణ్ని సీజన్ ముంగిట తీసి పారేశాడు మీ దేవుడు.

బోస్టన్_బాబాయ్: నీకు జరిగింది అన్యాయమే. కానీ మిలాయ్ చేరిన బఫెలో మొదటి మ్యాచ్‌లో 31–0తో కొడితే, చివరి మ్యాచ్‌లో బెలిచిక్ వాళ్లని అదే 31–0తో కొట్టి, ఆ సీజన్లో కప్పు తెచ్చాడు. కోచ్ పని గెలవడం.

పల్నాటి_పిల్ల: మీ ఇద్దరికీ మాల్కమ్ బట్లర్ చాలు. 2015 ఫైనల్, అవతలి టీమ్ సియాటిల్ న్యూ ఇంగ్లండ్ గోల్ లైన్‌కి గజం దూరంలో ఉంది. టైమ్ అయిపోతోంది, అందరికీ టెన్షన్. బెలిచిక్ గడియారం ఆపే టైమవుట్ అడక్కుండా అలాగే నిలబడ్డాడు. డ్రాఫ్ట్‌లో ఎవరికీ అక్కర్లేని బట్లర్‌ని దించితే, అతను బంతి లాగేసుకున్నాడు. మూడేళ్లకి ఫిలడెల్ఫియాతో ఫైనల్లో అదే బట్లర్‌ని డిఫెన్స్‌లో ఒక్క ప్లేకీ దించలేదు. 41–33తో ఓడారు. ఎందుకు దించలేదో సరిగ్గా చెప్పనూ లేదు.

జెర్సీ_సీను: నేననేది అదే. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదనుకునే మనిషిని గొప్పవాడు అనలేను. బ్రేడీ ఉన్నా లేకపోయినా.

బోస్టన్_బాబాయ్: మరి ఇంతసేపూ బ్రేడీ, బ్రేడీ అని గోలెందుకు? మంచివాడని నేనెక్కడన్నాను? గొప్ప కోచ్ అన్నాను. 333 విజయాలు. పైన 347తో డాన్ షూలా ఒక్కడే.

గోదారి_గట్టు: తర్వాత నార్త్ కరోలినా కాలేజీ టీమ్ కోచ్‌గా మొదటి మ్యాచే 48–14తో ఓడాడు, అది లెక్కలోకి రాదా బాబాయ్?

బోస్టన్_బాబాయ్: నువ్వు కాసేపు ఆగమ్మా.