కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఎస్‌టీఎల్ నేర్పాలా, వద్దా?

భవాని_ఆటోమేషన్: మా ప్లాంట్‌లో ముగ్గురు ట్రైనీలు చేరారు. సగం లైన్లు ఇంకా పాత ఎస్7-300ల మీదే, అంటే యంత్రాలను నడిపే సీమెన్స్ కంట్రోలర్ల మీదే నడుస్తున్నాయి. ప్రోగ్రాములన్నీ ఎస్‌టీఎల్, అంటే వరసకో ఇన్‌స్ట్రక్షన్ రాసే టెక్స్ట్ భాష. వీళ్లకి అది నేర్పాలా, సర్క్యూట్ బొమ్మలా గీసే లాడర్, మామూలు ప్రోగ్రామింగ్ భాషలా ఉండే ఎస్‌సీఎల్ చెబితే చాలా?

ఎస్7_మూర్తి: నేర్పాలమ్మా. నేను 1994లో ఎస్7కి ముందు తరం ఎస్5 మీద మొదలుపెట్టాను. ఒక విలువ లోడ్ చేస్తే మొదటి అక్యుములేటర్‌లో (లెక్కలు చేసే రిజిస్టర్‌లో) ఉన్నది రెండోదాంట్లోకి జరుగుతుంది. మానిటర్ ఆన్ చేస్తే ప్రతి వరస పక్కనా ఆర్‌ఎల్‌ఓ, అంటే అక్కడిదాకా వచ్చిన లాజిక్ ఫలితం, 1 అయిందో 0 అయిందో కనిపిస్తుంది. లోపల జరిగేది ఇంత దగ్గరగా లాడర్ చూపించదు. లాడర్‌ని ఎస్‌టీఎల్‌గా మార్చి చూడొచ్చు, ఎస్‌టీఎల్‌ని లాడర్‌గా చూడటం అన్నిసార్లూ కుదరదు.

నైట్‌షిఫ్ట్: కుదరదు కాబట్టే వద్దంటున్నాను సార్. రాత్రి 2 గంటలకి లైన్ ఆగితే వచ్చేది ఎలక్ట్రీషియన్. రిలే డ్రాయింగ్ చదివేవాళ్ల కోసమే లాడర్ పుట్టింది. పైగా కంట్రోలర్ భాషల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61131-3 నుంచి ఎస్‌టీఎల్ తరహా ఇన్‌స్ట్రక్షన్ లిస్ట్‌ని తీసేశారు.

ఎస్7_మూర్తి: తీసేయలేదు. 2013 ఎడిషన్‌లో ఇక వాడొద్దని సూచించారు. రెండూ ఒకటి కాదు.

నైట్‌షిఫ్ట్: 2025 ఎడిషన్ చూడండి. అందులో లేదు.

ఎస్7_మూర్తి: మనం మాట్లాడేది సీమెన్స్ ఎస్‌టీఎల్ గురించి. కొత్త తరం ఎస్7-1500లో అది ఇప్పటికీ నడుస్తుంది.

పంపుహౌస్: ఎస్7-1200లో నడవదు.

ఎస్7_మూర్తి: నేను 1500 అన్నాను.

రవి_పటాన్‌చెరు: 1500లో పాత రిజిస్టర్లను అనుకరించి నడుపుతారు. దగ్గరగా చూపిస్తుందన్న మాట అక్కడ నిలవదు. 300 స్పేర్లు కూడా 2033 వరకే అన్నారు.

నైట్‌షిఫ్ట్: ఎడిషన్లు పక్కన పెట్టండి. నా ఉద్యోగం రెండో ఏడు, ఒక బ్యాచింగ్ లైన్‌లో రెసిపీ మారినప్పుడల్లా ఒక వాల్వ్ బదులు పక్క వాల్వ్ తెరుచుకునేది. ఎస్‌టీఎల్ ప్రోగ్రాం, ఒక్క కామెంట్ లేదు. 11 గంటలు కూర్చున్నాను. ఒక ఎఫ్‌బీ (ఫంక్షన్ బ్లాక్) మధ్యలో ఏఆర్2 అనే అడ్రస్ రిజిస్టర్‌లో వేరే పాయింటర్ లోడ్ చేశారు. మల్టీ-ఇన్‌స్టన్స్‌లో, అంటే ఒక బ్లాక్ డేటా ఇంకో బ్లాక్ డేటాలో ఉన్నప్పుడు, డేటా అడ్రస్ లెక్కకట్టేదే ఏఆర్2తో. పాత విలువ తిరిగి పెట్టే వరస ఉంది, కానీ రెసిపీ మారితే జంప్ దాన్ని దాటిపోతోంది. రాసినాయనకి ఫోన్ చేస్తే "నీకు అర్థం కాదులే" అన్నారు. ప్రొడక్షన్ ఆగినందుకు మెమో నాకొచ్చింది.

ఎస్7_మూర్తి: అది రాసినవాడి తప్పు. భాషనెందుకు అంటావు?

నైట్‌షిఫ్ట్: రాసింది మీలాంటి సీనియరే. ఎవరికీ అర్థం కాకపోతేనే మీకు విలువ.

ఎస్7_మూర్తి: నోరు జారకు. కామెంట్ లేకుండా నేను ఒక్క నెట్‌వర్క్ (ప్రోగ్రాంలో ఒక భాగం) వదల్లేదు. పోయిన ఏడాది మా ప్లాంట్‌ని 1500కి మార్చారు. నా బ్లాకులన్నీ బయటివాళ్లు ఎస్‌సీఎల్‌లో తిరగరాశారు. ఏ ఇంటర్‌లాక్ (షరతు తీరేదాకా యంత్రాన్ని కదలనివ్వని అడ్డు) ఎందుకు పెట్టానో ఒక్కరూ అడగలేదు. నా కామెంట్లూ చదవలేదు. 3 సెకన్ల టైమర్ ఒకటి దండగని తీసేశారు. ఫీడ్ ఆగాక బెల్ట్ మీద మిగిలిన సరుకు దిగడానికి పెట్టింది అది. మొదటి రోజే చూట్ జామ్ అయింది. నేను పక్కగదిలోనే ఉన్నాను.

పంపుహౌస్: మా దగ్గరా ఇదే జరిగింది.

నైట్‌షిఫ్ట్: ఆ మాట అనకుండా ఉండాల్సింది సార్, క్షమించండి. ఆ రోజు ఫోన్‌లో విన్న మాట ఇప్పటికీ మండుతోంది, ఆ కోపం మీ మీద చూపించాను. అయినా ట్రైనీలచేత కొత్తగా రాయించొద్దనే అంటాను. చదవడం వస్తే చాలు.

ఎస్7_మూర్తి: రాయకుండా చదవడం రాదు. చిన్న బ్లాకులైనా రాయించాలి.

భవాని_ఆటోమేషన్: ఇది చదివి మా ప్రోగ్రాముల్లో ఏఆర్2 వాడిన చోట్లు వెతికాను. ఆరు దొరికాయి. ఒకదాంట్లో తిరిగి పెట్టే వరస జంప్ వచ్చి దిగే లేబుల్‌కి పైన ఉంది.

ఎస్7_మూర్తి: ముందు బ్యాకప్ తీసుకో. లైన్ ఆపాకే ముట్టుకో. ఆ వరసని లేబుల్ కిందికి దించు, ఎందుకు దించావో పక్కనే రాసిపెట్టు. ట్రైనీలని దగ్గర కూర్చోబెట్టుకో.

నైట్‌షిఫ్ట్: మిగతా ఐదూ ఇక్కడ పెట్టండి భవాని గారూ, నేనూ చూస్తాను.